గీత వాలులో వడి, గీత కింద దూరం: చలన గ్రాఫులను చదవడం ఎలా?

రైల్వే డివిజన్ కార్యాలయాల్లో కంట్రోల్ గది అని ఒకటి ఉంటుంది. అక్కడ కూర్చున్న సెక్షన్ కంట్రోలర్‌కు పట్టాలూ కనిపించవు, రైళ్లూ కనిపించవు. ఆయన ఎదుట ఉండేది ఒక గ్రాఫు. అడ్డంగా గంటలు, నిమిషాలు. నిలువుగా ఒకదాని తరువాత ఒకటి స్టేషన్ల పేర్లు. ఒక్కొక్క రైలు ఆ గ్రాఫుపై ఒక్కొక్క ఏటవాలు గీత. ఒకప్పుడు పెద్ద కాగితంపై రంగు పెన్సిళ్లతో గీసిన ఈ కంట్రోల్ చార్టు ఇప్పుడు కంప్యూటర్ తెరపైకి మారింది. గీత నిటారుగా ఉంటే రైలు జోరుగా వెళుతున్నట్టు, అడ్డంగా సాగితే రైలు ఎక్కడో నిలిచిపోయినట్టు. సింగిల్ లైను మార్గంలో ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్ల గీతలు స్టేషను వద్ద కలుసుకుంటే అది క్రాసింగ్. రెండు స్టేషన్ల నడుమ కలుసుకునేట్టు కనిపిస్తే ఆ ప్రణాళికను వెంటనే మార్చవలసిందే.

వేలాది మంది ప్రయాణికుల రాకపోకలను నడిపించే ఈ చార్టు నిజానికి బడి పిల్లలు గీసే దూరం-కాలం గ్రాఫే. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాల్లో ఏడో తరగతిలో ఈ గ్రాఫు పరిచయమవుతూ వచ్చింది. తొమ్మిదో తరగతి ‘చలనం’ పాఠంలో దీనికి వడి-కాలం, వేగం-కాలం గ్రాఫులు తోడవుతాయి. ఇంటర్మీడియట్‌లో, ఆ తరువాత జేఈఈ, నీట్, ఈఏపీసెట్ వంటి ప్రవేశ పరీక్షల్లో ఇవే మరింత చిక్కుగా తిరిగి ఎదురవుతాయి. సూత్రాలను కంఠస్థం చేసిన విద్యార్థి సైతం గ్రాఫు ముందు తడబడడం ఉపాధ్యాయులకు అనుభవమే. గీతను బొమ్మలా చూడడం ఒకటి, వాక్యంలా చదవడం మరొకటి. ఆ చదవడం ఎలాగో దశలవారీగా పరిశీలిద్దాం.

ముందు అక్షాలు, ఆ తరువాతే గీత

గ్రాఫు కనిపించగానే కన్ను గీత మీదికి పోతుంది. పొరపాట్లలో ఎక్కువ భాగం అక్కడే మొదలవుతాయి. ఒకే ఆకారంలోని గీత దూరం-కాలం గ్రాఫులో ఒక కథ చెబుతుంది, వడి-కాలం గ్రాఫులో పూర్తిగా వేరే కథ చెబుతుంది. కాబట్టి మొదట చూడవలసినది అక్షాలపై రాసిన పేర్లు, వాటి పక్కనున్న ప్రమాణాలు. చలన గ్రాఫుల్లో కాలాన్ని సాధారణంగా అడ్డంగా ఉండే ఎక్స్ అక్షంపై, దూరాన్ని లేదా వడిని నిలువుగా ఉండే వై అక్షంపై తీసుకుంటారు. కాలం సెకన్లలో ఉందా, నిమిషాల్లో ఉందా, గంటల్లో ఉందా అన్నది గమనించకుండా లెక్క మొదలుపెడితే జవాబు అరవై రెట్లు తప్పవచ్చు.

ఇక్కడే పరిభాష కూడా స్పష్టం చేసుకోవాలి. నిత్య వ్యవహారంలో ‘వేగం’ అన్న మాటనే అన్నింటికీ వాడతాం. భౌతిక శాస్త్రంలో మాత్రం ప్రమాణ కాలంలో ప్రయాణించిన దూరాన్ని ‘వడి’ అంటారు. దానికి దిశ కూడా జతచేస్తే ‘వేగం’. అదే విధంగా నడిచిన మార్గపు మొత్తం పొడవు ‘దూరం’. బయలుదేరిన చోటు నుంచి చేరిన చోటికి సూటిగా, దిశతో సహా కొలిచినది ‘స్థానభ్రంశం’. ఇంటి నుంచి దుకాణానికి 500 మీటర్లు వెళ్లి తిరిగి వచ్చిన వ్యక్తి నడిచిన దూరం 1,000 మీటర్లు, స్థానభ్రంశం సున్నా. ఈ తేడా గ్రాఫుల్లోనూ కనిపిస్తుంది. ప్రయాణించిన దూరం ఎన్నటికీ తగ్గదు గనుక దూరం-కాలం గ్రాఫు కిందికి దిగదు. నిలువు అక్షంపై ఉన్నది ‘ఇంటి నుంచి ఎంత దూరంలో ఉన్నాడు’ అన్న స్థానమైతే, తిరుగు ప్రయాణంలో గీత కిందికి దిగుతుంది. ప్రశ్నలో ఏది ఇచ్చారో చదివి తెలుసుకోవలసిందే.

దూరం-కాలం గ్రాఫు: వాలే వడి

ఈ గ్రాఫులో గుర్తుంచుకోవలసిన మూల సూత్రం ఒక్కటే. గీత వాలు వడిని తెలుపుతుంది. వాలు అంటే నిలువు మార్పును అడ్డు మార్పుతో భాగించగా వచ్చే విలువ. నిలువు మార్పు దూరం, అడ్డు మార్పు కాలం. దూరాన్ని కాలంతో భాగిస్తే వచ్చేది వడి. ఇందులో కొత్తగా కంఠస్థం చేయవలసినది ఏమీ లేదు.

దీని నుంచి నాలుగు ఆకారాల అర్థం తేలికగా తెలుస్తుంది. ఏటవాలుగా సాగే సరళరేఖ సమచలనానికి గుర్తు. సమాన కాలవ్యవధుల్లో సమాన దూరాలు. అడ్డంగా, కాల అక్షానికి సమాంతరంగా సాగే గీత నిశ్చల స్థితికి గుర్తు. కాలం గడుస్తోంది కానీ దూరం పెరగడం లేదు. పోనుపోను నిటారుగా లేచే వక్రరేఖ వడి పెరుగుతున్నదని, పోనుపోను చదునుగా మారే వక్రరేఖ వడి తగ్గుతున్నదని చెబుతాయి. ఇక పూర్తిగా నిట్టనిలువు గీత అసాధ్యం. కాలం ఏమాత్రం గడవకుండానే వస్తువు ఒకచోటి నుంచి మరొకచోటికి చేరిందని దాని అర్థం.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక బస్సు తొలి 20 నిమిషాల్లో 15 కిలోమీటర్లు వెళ్లింది. తరువాత 10 నిమిషాలు స్టాండులో ఆగింది. ఆపై 30 నిమిషాల్లో మరో 30 కిలోమీటర్లు వెళ్లింది. గ్రాఫులో ఇది మూడు ముక్కలుగా కనిపిస్తుంది. మొదటి ముక్క వాలు గంటకు 45 కిలోమీటర్లు. రెండో ముక్క అడ్డగీత, వాలు సున్నా. మూడో ముక్క మరికాస్త నిటారుగా ఉంటుంది. వాలు గంటకు 60 కిలోమీటర్లు.

ఇప్పుడు సగటు వడి ఎంత? 45, 60లను కూడి రెండుతో భాగించి 52.5 అని రాసే విద్యార్థులు ఉంటారు. సున్నాను కూడా కలిపి మూడుతో భాగించి 35 అని రాసేవారూ ఉంటారు. రెండూ తప్పే. సగటు వడి అంటే మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించినది. మొత్తం దూరం 45 కిలోమీటర్లు, మొత్తం కాలం సరిగ్గా ఒక గంట. కాబట్టి సగటు వడి గంటకు 45 కిలోమీటర్లు. గ్రాఫుపై దీనిని మరీ సులువుగా చూడవచ్చు. గీత మొదలైన బిందువును, ముగిసిన బిందువును ఒక సరళరేఖతో కలిపితే ఆ రేఖ వాలే సగటు వడి. మధ్యలో బస్సు ఎక్కడ ఆగింది, ఎక్కడ పరుగెత్తింది అన్నది ఆ రేఖకు పట్టదు.

బోల్ట్ పరుగు: వక్రరేఖ చెప్పే సంగతులు

నిజ జీవితంలో చలనం సరళరేఖలా ఉండడం అరుదు. జమైకా పరుగుల వీరుడు ఉసేన్ బోల్ట్ 2009 ఆగస్టు 16న బెర్లిన్ ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో 100 మీటర్ల దూరాన్ని 9.58 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ఆ పరుగులో ప్రతి 20 మీటర్లకు పట్టిన కాలాన్ని నిపుణులు నమోదు చేశారు. 20 మీటర్ల గుర్తును 2.89 సెకన్లకు, 40 మీటర్లను 4.64 సెకన్లకు, 60 మీటర్లను 6.31 సెకన్లకు, 80 మీటర్లను 7.92 సెకన్లకు దాటి, 9.58 సెకన్లకు గమ్యాన్ని చేరాడు.

ఈ ఐదు బిందువులను, మూలబిందువును గ్రాఫు కాగితంపై గుర్తించి కలిపితే ఏమవుతుంది? తుపాకీ మోగిన తరువాత బోల్ట్ కదలడానికి 0.146 సెకను పట్టింది. అందువల్ల గీత మొదట రెప్పపాటు అడ్డంగా సాగి, ఆ తరువాత క్రమంగా పైకి వంగుతుంది. ఒక్కొక్క ముక్క వాలును లెక్కిస్తే అసలు కథ బయటపడుతుంది. తొలి 20 మీటర్లలో సగటు వడి సెకనుకు 6.92 మీటర్లు. తరువాతి 20 మీటర్లలో 11.43. ఆ తరువాత 11.98. 60 నుంచి 80 మీటర్ల మధ్య 12.42, అంటే గంటకు దాదాపు 44.7 కిలోమీటర్లు. చివరి 20 మీటర్లలో అది 12.05కు తగ్గింది.

మొత్తం పరుగు సగటు సెకనుకు 10.44 మీటర్లు మాత్రమే. గడియారం చెప్పిన 9.58 సెకన్ల నుంచి మనకు దక్కేది ఈ ఒక్క సంఖ్యే. ప్రపంచంలోనే అత్యంత వడిగల మనిషి సైతం గమ్యరేఖ వద్ద తన గరిష్ఠ వడితో లేడన్న సంగతి, అతడి పరుగులో కాస్త మందగమనం చివర్లోనే మొదలైందన్న సంగతి గ్రాఫు వాలు మాత్రమే చెబుతుంది. ముక్కలను ఇంకా చిన్నవి చేస్తూ పోతే చివరకు ఒకానొక క్షణంలోని వాలు దొరుకుతుంది. వక్రరేఖపై ఆ బిందువు వద్ద గీసిన స్పర్శరేఖ వాలు అదే. దానిని తక్షణ వడి అంటారు. వాహనంలోని స్పీడోమీటరు చూపేది దీనినే. ఉన్నత తరగతుల్లో వచ్చే అవకలన గణితానికి తొలి మెట్టు కూడా ఇదే.

వడి-కాలం గ్రాఫు: ఒకే గీతలో రెండు జవాబులు

నిలువు అక్షంపై దూరానికి బదులు వడిని తీసుకుంటే గ్రాఫు స్వభావమే మారిపోతుంది. ఇక్కడ గీత ఎత్తు ఆ క్షణాన వడిని నేరుగా తెలుపుతుంది. గీత వాలు వడిలో మార్పు రేటును, అంటే సరళరేఖా మార్గంలో త్వరణాన్ని తెలుపుతుంది. గీతకు, కాల అక్షానికి నడుమనున్న వైశాల్యం ప్రయాణించిన దూరాన్ని తెలుపుతుంది.

అడ్డంగా సాగే గీతకు ఇక్కడ నిశ్చల స్థితి అని అర్థం కాదు. వడి మారడం లేదని అర్థం. గంటకు 80 కిలోమీటర్ల స్థిర వడితో పోతున్న కారు గీత అడ్డంగానే ఉంటుంది. కారు ఆగి ఉండాలంటే గీత కాల అక్షం మీదనే, సున్నా వద్ద ఉండాలి. పైకి లేచే సరళరేఖ సమత్వరణానికి, కిందికి దిగే సరళరేఖ ఋణత్వరణానికి, అంటే వడి క్రమంగా తగ్గడానికి గుర్తు. దిగుతున్న గీతను చూసి వాహనం వెనక్కు వస్తున్నదని అనుకోకూడదు. అది ముందుకే పోతున్నది, కాకపోతే నెమ్మదిస్తున్నది.

వైశాల్యం దూరమెలా అవుతుందన్న సందేహం చాలామందికి కలుగుతుంది. వైశాల్యమంటే చదరపు మీటర్లు కదా అన్నది దానికి మూలం. గ్రాఫులో దీర్ఘచతురస్రపు ఎత్తు మీటర్లలో లేదు. సెకనుకు ఇన్ని మీటర్లు అన్న ప్రమాణంలో ఉంది. వెడల్పు సెకన్లలో ఉంది. రెండింటినీ గుణిస్తే సెకన్లు కొట్టివేయబడి మీటర్లు మిగులుతాయి. సెకనుకు 20 మీటర్ల వడితో 60 సెకన్లు పోతే 1,200 మీటర్లు. అదే ఆ దీర్ఘచతురస్ర వైశాల్యం. వడి మారుతూ ఉంటే గ్రాఫును సన్నని నిలువు పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీ వైశాల్యాన్ని కూడితే సరిపోతుంది.

రెండు స్టేషన్ల మధ్య నడిచే ఒక మెట్రో రైలును ఊహించుకుందాం. అది 20 సెకన్లలో సున్నా నుంచి సెకనుకు 20 మీటర్ల వడిని అందుకుంది. 60 సెకన్లు అదే వడితో సాగింది. మరో 20 సెకన్లలో ఆగిపోయింది. గ్రాఫు ఆకారం ట్రెపీజియం. తొలి ముక్క వాలు 20ని 20తో భాగించగా వచ్చే 1. అంటే త్వరణం సెకనుకు సెకనుకు 1 మీటరు. చివరి ముక్కలో అదే పరిమాణంలో ఋణత్వరణం. ఇక దూరం: తొలి త్రిభుజం 200 మీటర్లు, నడుమ దీర్ఘచతురస్రం 1,200 మీటర్లు, చివరి త్రిభుజం 200 మీటర్లు; మొత్తం 1,600 మీటర్లు. ట్రెపీజియం సూత్రంతో సరిచూస్తే, సమాంతర భుజాలు 100, 60ల మొత్తంలో సగం 80. దానిని ఎత్తు 20తో గుణిస్తే 1,600. రెండు దారుల్లోనూ ఒకే జవాబు.

ఆరున్నర శతాబ్దాల నాటి ఆలోచన

త్రిభుజ వైశాల్యం దూరమవుతుందన్న భావన చాలా పాతది. 14వ శతాబ్దంలో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ మెర్టన్ కళాశాల పండితులు ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. సమత్వరణంతో కదిలే వస్తువు ప్రయాణించే దూరం, దాని తొలి, తుది వడుల సగటుతో అంతే కాలం స్థిరంగా కదిలిన వస్తువు ప్రయాణించే దూరానికి సమానమని దాని సారాంశం. అదే శతాబ్దంలో ఫ్రెంచి పండితుడు నికోల్ ఒరేమ్ దీనిని పటంగా గీసి చూపాడు. కాలాన్ని అడ్డగీతగా, ప్రతి క్షణపు వడిని దానిపై నిలబెట్టిన నిలువుగీతగా తీసుకున్నాడు. అలా ఏర్పడిన త్రిభుజం, సగం ఎత్తున్న దీర్ఘచతురస్రం వైశాల్యంలో సమానమని నిరూపించాడు. గెలీలియో 1638లో వెలువరించిన గ్రంథంలో పతనమయ్యే వస్తువుల చలనాన్ని వివరించడానికి ఇదే తరహా వాదనను వినియోగించుకున్నాడు. 19వ శతాబ్దంలో పారిస్, లియాన్ నగరాల మధ్య రైళ్ల రాకపోకలను ఏటవాలు గీతలుగా చూపిన పటాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే తన పుస్తకంలో ప్రచురించాడు. కంట్రోల్ చార్టుకు అది దగ్గరి బంధువు.

విద్యార్థులు ఎక్కడ తడబడతారు?

ఈ గ్రాఫులను విద్యార్థులు ఎలా అర్థం చేసుకుంటారన్నదే ఒక పరిశోధనాంశం. అమెరికాకు చెందిన లిలియన్ మెక్‌డెర్మాట్, ఆమె సహచరులు 1987లో, రాబర్ట్ బైక్నర్ 1994లో వెలువరించిన అధ్యయనాలు ఈ రంగంలో పేరొందాయి. తరగతి గదులు ఏ దేశానివైనా తప్పులు మాత్రం ఒకే తీరులో ఉంటాయని ఉపాధ్యాయులు ఇట్టే గుర్తుపడతారు.

మొదటి తప్పు గ్రాఫును దారి బొమ్మగా భావించడం. గీత పైకి లేచి కిందికి దిగితే వాహనం కొండ ఎక్కి దిగిందని రాస్తారు. గ్రాఫు దారి ఆకారాన్ని చూపదు. చదునైన రోడ్డుపై వెళ్లిన సైకిలు వడి-కాలం గ్రాఫు కూడా కొండలా ఉండవచ్చు. కొండ దిగుతున్నప్పుడు సైకిలు వడి పెరుగుతుంది గనుక అక్కడ గీత పైకి లేస్తుంది!

రెండో తప్పు ఎత్తును, వాలును కలగాపులగం చేయడం. దూరం-కాలం గ్రాఫులో ఏ గీత పైన ఉంటే ఆ వస్తువు వడి ఎక్కువ అనుకుంటారు. పైన ఉన్నది ముందుగా ఉన్నట్టు మాత్రమే. వడి తెలియాలంటే ఏది ఎక్కువ నిటారుగా ఉందో చూడాలి.

మూడో తప్పు ఖండన బిందువు విషయంలో జరుగుతుంది. ఒకేచోటి నుంచి కొలిచిన దూరం-కాలం గ్రాఫులో రెండు గీతలు ఖండించుకుంటే ఆ క్షణంలో రెండు వాహనాలూ ఒకేచోట ఉన్నట్టు. వడి-కాలం గ్రాఫులో ఖండించుకుంటే రెండింటి వడి సమానమైనట్టు మాత్రమే. అవి ఒకదాని పక్కన ఒకటి ఉండనక్కరలేదు. ఒక కారు సెకనుకు 10 మీటర్ల స్థిర వడితో ఒక కూడలిని దాటింది. సరిగ్గా ఆ క్షణంలోనే అక్కడ ఆగి ఉన్న మోటారు సైకిలు బయలుదేరి, అదే దిశలో సెకనుకు సెకనుకు 1 మీటరు చొప్పున వడి పెంచుకుంటూ వెళ్లింది. వడి-కాలం గీతలు 10వ సెకను వద్ద కలుస్తాయి. మోటారు సైకిలు కారును అందుకున్నదా? వైశాల్యాలు చూడండి. అప్పటికి కారు 100 మీటర్లు పోయింది, మోటారు సైకిలు 50 మీటర్లే పోయింది. నిజానికి వాటి మధ్య ఎడం అత్యధికంగా ఉండేది ఆ క్షణంలోనే. ఆ తరువాత ఎడం తగ్గుతూ వచ్చి, 20వ సెకనులో ఇద్దరూ 200 మీటర్ల వద్ద కలుసుకుంటారు. అప్పటికి మోటారు సైకిలు వడి కారు వడికి రెట్టింపు.

బ్రేకు వేసిన తరువాత ఏం జరుగుతుంది?

ఈ పాఠం పరీక్షతో ముగిసేది కాదు. కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. ఆ మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం పద్దు కింద నమోదయ్యాయి. ‘ఇంకో ఇరవై పెంచితే ఏమవుతుందిలే’ అన్న మాటకు జవాబు వడి-కాలం గ్రాఫులోనే ఉంది.

రోడ్డుకు అడ్డంగా ఒక పిల్లవాడు వచ్చాడనుకుందాం. డ్రైవరు చూసి, తేరుకుని, బ్రేకుపై కాలు వేయడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. ఆ సెకనులో వడి ఏమాత్రం తగ్గదు. గ్రాఫులో గీత అడ్డంగా సాగుతుంది. బ్రేకు పడిన తరువాత వడి సెకనుకు సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుందాం. గీత ఏటవాలుగా సున్నాకు దిగుతుంది. ఒక దీర్ఘచతురస్రం, దాని పక్కన ఒక త్రిభుజం. రెండింటి వైశాల్యాల మొత్తమే కారు ఆగడానికి కావలసిన దూరం.

గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు. దీర్ఘచతురస్రం 16.7 మీటర్లు, త్రిభుజం 27.8 మీటర్లు, మొత్తం సుమారు 44 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22.2 మీటర్లు. దీర్ఘచతురస్రం 22.2 మీటర్లు, త్రిభుజం 49.4 మీటర్లు, మొత్తం సుమారు 72 మీటర్లు. వడి మూడో వంతు పెరిగితే త్రిభుజం దాదాపు ఎనభై శాతం పెరిగింది. కారణం గ్రాఫులోనే కనిపిస్తుంది. వడి పెరిగినప్పుడు త్రిభుజం ఎత్తుతోపాటు భూమి కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. అందుచేత వైశాల్యం వడి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వడి రెట్టింపైతే త్రిభుజం నాలుగు రెట్లవుతుంది.

ఇంతకన్నా దిగ్భ్రాంతి కలిగించే లెక్క మరొకటుంది. 60తో వచ్చిన కారు 44 మీటర్ల వద్ద ఆగిపోయింది. ఒకేచోట ప్రమాదాన్ని గమనించిన 80 కారు ఆ 44 మీటర్ల గుర్తు వద్దకు చేరేసరికి ఎంత వడితో ఉంటుంది? ఇరవై అని చాలామంది అనుకుంటారు. కానీ ఆ 44 మీటర్లలో తొలి 22 మీటర్లు బ్రేకు పడకముందే గడిచిపోయాయి. మిగిలిన 22 మీటర్లలోనే వడి తగ్గాలి. లెక్క కడితే ఆ స్థానంలో ఆ కారు ఇంకా గంటకు దాదాపు 59 కిలోమీటర్ల వడితో దూసుకుపోతూ ఉంటుంది. మొదటి కారు పిల్లవాడి ముందు ఆగింది. రెండో కారు అతడిని 59 కిలోమీటర్ల వడితో ఢీకొంటుంది. తడిసిన రోడ్డుపై ఋణత్వరణం ఇంకా తక్కువ. ఫోను చూస్తూ నడిపే డ్రైవరుకు దీర్ఘచతురస్రం ఇంకా వెడల్పు.

మళ్లీ కంట్రోల్ గదికి

ఇప్పుడు మొదట చెప్పిన చార్టును మనమే చదవగలం. సింగిల్ లైనుపై ఎ, బి, సి అని మూడు స్టేషన్లు; ఒక్కొక్కదాని మధ్య 20 కిలోమీటర్లు. ఒక ఎక్స్‌ప్రెస్ ఉదయం 8 గంటలకు ఎ నుంచి గంటకు 60 కిలోమీటర్ల వడితో బయలుదేరింది. ఒక గూడ్సు రైలును 8.05కు సి నుంచి గంటకు 40 కిలోమీటర్ల వడితో ఎదురుగా పంపాలని ప్రతిపాదన. గీతలు గీయండి. ఎక్స్‌ప్రెస్ 8.20కి బి చేరుతుంది. అప్పటికి గూడ్సు 10 కిలోమీటర్లు వచ్చి ఉంటుంది. ఇంకో 10 కిలోమీటర్లు రావాలి. ఎక్స్‌ప్రెస్ ఆగకుండా ముందుకు సాగితే గీతలు 8.26కు, ఎ నుంచి 26వ కిలోమీటరు వద్ద, అంటే బి, సిల నడుమ ఖండించుకుంటాయి. అక్కడ రెండు రైళ్లకూ చోటు లేదు.

వాస్తవంలో బ్లాకు విధానం, సిగ్నళ్లు అలా రెండు రైళ్లు ఒకే సెక్షన్‌లోకి రాకుండా కాపాడతాయి. కంట్రోలర్ పని ఆ పరిస్థితే రాకుండా ముందే ఏర్పాటు చేయడం. ఆయన ముందు రెండు దారులున్నాయి. ఎక్స్‌ప్రెస్‌ను బిలో నిలిపితే 8.35కు గూడ్సు వచ్చాక, ఉదాహరణకు 8.38కి కదులుతుంది. చార్టుపై అది 18 నిమిషాల అడ్డగీత. లేదా గూడ్సునే సిలో ఆపితే 8.40కి ఎక్స్‌ప్రెస్ వచ్చిన తరువాతే బయలుదేరుతుంది. అది 35 నిమిషాల అడ్డగీత. ఎవరిని ఎంతసేపు ఆపాలన్నది గీతను కాస్త జరిపి చూస్తే తెలిసిపోతుంది. ఊరు పేరు తెలియని స్టేషనులో మన రైలు కారణం చెప్పకుండా ఆగిపోయినప్పుడు, ఎక్కడో ఒక గ్రాఫుపై మన గీత అడ్డంగా సాగుతూ మరో గీత కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు.

జవాబు రాసే ముందు ఐదు ప్రశ్నలు

పరీక్షలో గ్రాఫు ఎదురైనప్పుడు విద్యార్థి తనను తాను ఈ ప్రశ్నలు వేసుకోవాలి. నిలువు అక్షంపై ఉన్నది దూరమా, స్థానమా, వడియా, వేగమా? ప్రమాణాలు ఏమిటి, స్కేలులో ఒక గడికి విలువ ఎంత? ప్రశ్న అడుగుతున్నది ఎత్తునా, వాలునా, వైశాల్యాన్నా? గీత ఎక్కడెక్కడ ఆకారం మారింది, అక్కడ చలనంలో ఏం జరిగింది? వచ్చిన జవాబు నిజ జీవితంలో సాధ్యమేనా? సైకిలు వడి గంటకు 300 కిలోమీటర్లని తేలితే తప్పు గ్రాఫుది కాదు, ప్రమాణాల మార్పిడిది. సెకనుకు మీటర్లను గంటకు కిలోమీటర్లుగా మార్చడానికి 3.6తో గుణించాలి, తిరిగి మార్చడానికి 3.6తో భాగించాలి.

గ్రాఫు గీసేటప్పుడు అక్షాల పేర్లు, ప్రమాణాలు, స్కేలు తప్పక రాయాలి. కాగితంలో చాలా భాగం నిండేట్టు స్కేలును ఎంచుకోవాలి. వాలు లెక్కించేటప్పుడు గీతపై దూరదూరంగా ఉన్న రెండు బిందువులను తీసుకుంటే కొలతలో దొర్లే చిన్న పొరపాటు ప్రభావం తగ్గుతుంది.

అన్నిటికీ మించిన అభ్యాసం ఇంటి బయటే ఉంది. ఈసారి బస్సులో ప్రయాణించేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని, ఒక్కో కిలోమీటరు రాయి దాటిన సమయాన్ని నోటు పుస్తకంలో రాసుకోండి. ఇంటికి వచ్చాక ఆ బిందువులను గ్రాఫు కాగితంపై గుర్తించండి. ఎక్కడ ట్రాఫిక్‌లో చిక్కుకున్నారో, ఎక్కడ టీ కోసం ఆగారో, ఎక్కడ డ్రైవరు తొందరపడ్డాడో ఆ గీత మీకు తిరిగి చెబుతుంది. దానిని చదవగలిగితే పాఠం వచ్చినట్టే.